చీలమండ విరిగిన నన్ను మళ్లీ నడిపించిన పర్లాకిమిడి వాళ్లకు

నిన్న కర్ర సాయం లేకుండా బజారుకు వెళ్లి వంకాయలు కొనుక్కొచ్చాను. దారిలో పలకరించిన ప్రతివారికీ విడివిడిగా దండం పెట్టడం కుదరక ఇక్కడ అందరికీ కలిపి రాస్తున్నాను.

వానలో మెట్ల మీద జారాను. చీలమండ రెండు పక్కలా ఎముక విరిగింది. బరంపురంలో డాక్టరుగారు ప్లేటు, స్క్రూలు వేసి సరిచేశారు. ఆయనకు నమస్కారం. అయితే ఆపరేషన్ గురించి అందరూ అడుగుతారు, తర్వాత నెలల తరబడి సాగే చాకిరీ ఎవరికీ పట్టదు. నా కృతజ్ఞతల్లో పెద్ద వాటా ఆ చాకిరీ చేసినవాళ్లదే.

6 వారాలు కాలు నేలకు ఆనించవద్దన్నారు. చూడవచ్చిన బంధువుల్లో సగం మంది ఆరు నెలలు కదలొద్దన్నారు, మిగతావాళ్లు ఈపాటికి పరుగెత్తాలన్నారు. ఆంధ్రాలోని పాతపట్నం నుంచి ఒడిశా సరిహద్దు దాటి మన ఊరొచ్చే ఫిజియోథెరపిస్టు అమ్మాయి మాత్రం, "ఎక్స్‌రే చూసి డాక్టరుగారు కాలి మీద ఎన్ని కిలోల బరువు మోపమంటే అన్నే, బాబాయిగారూ" అని తేల్చేసింది.

మొదటి విడత 15 కిలోలన్నారు. 15 కిలోలంటే ఎంతో కాలికి ఎలా తెలుస్తుంది? మా వీధి కిరాణా కొట్టాయన తన ఇంట్లో మనుషుల బరువు చూసే ముల్లు మిషన్ తెచ్చి ఇచ్చారు. బాగున్న కాలు అంతే ఎత్తున్న చెక్క మీద, దెబ్బ కాలు మిషన్ మీద, మిగతా బరువంతా బాగున్న కాలి మీద, చేతికర్రల మీద. కాస్త నొక్కితే ముల్లు 5 దగ్గరే వణికేది. ధైర్యం చేస్తే 30కి ఎగిరేది. ఎముక అతుకుతున్నా పాదానికి నమ్మకం కుదరలేదు. కొట్టాయన పక్కన నిలబడి "పందొర! పందొర!" (పదిహేను! పదిహేను!) అని ఒడియాలో అరుస్తుంటే, కళ్లు మూసుకుని కూడా 15 దగ్గర ఆపడం వచ్చేసింది.

ఎదురింటి వడ్రంగి మేస్త్రి చేతికర్రలు చంకకు రెండు మూడు వేళ్ల కిందికి ఉండేలా కోసిచ్చారు. బరువు అరచేతుల మీద పడాలి, చంకల్లో కాదు. మెట్ల పక్కన పట్టుకునే కడ్డీ కూడా ఆయనే బిగించారు, డబ్బు తీసుకోలేదు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలతోపాటు దెబ్బ కాలు ముందు అని వాళ్ల పిల్లలు నాకంటే ముందే బట్టీ పట్టి, తప్పితే కేకలేసేవారు. పక్కింటి ఒడియా మావుసి (పిన్నిగారు) కూరగాయలు వేసి వండే పప్పు, దాల్మా, పంపని వారం లేదు. మునివేళ్లకు తువ్వాలు తగిలించి పాదాన్ని నావైపు లాగే వ్యాయామం మా ఆవిడ దగ్గరుండి చేయించింది. ఆమెకు ఇక్కడ కృతజ్ఞతలు చెబితే నలుగురిలో ఎందుకని కోప్పడుతుంది, అయినా చెబుతున్నాను.

సాయంత్రానికి పాదం ఇంకా వాస్తోంది. కొన్ని నెలలు అలాగే ఉంటుందట, దిండ్ల మీద ఎత్తి పెట్టుకుంటున్నాను. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడే సాధన సాగుతోంది.

మిషన్ తిరిగి ఇవ్వబోతే కొట్టాయన మీ దగ్గరే ఉంచండన్నారు. మన వీధుల్లో ఎవరికైనా అవసరమైతే తీసుకెళ్లండి. ఎన్ని కిలోలో ముందు మీ డాక్టరును అడిగి రండి.