మన తెలుగు సంఘం వార్షిక నివేదిక, పర్లాకిమిడి

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే బాగా జరిగాయి. పిల్లల ఆదివారం తెలుగు తరగతి ఏడాది పొడవునా ఆగకుండా నడిచింది. జమాఖర్చుల కాగితం విడిగా జతచేశాం, సమావేశంలో చదువుతాం. మిగతా చోటంతా ఆగస్టు 29 సాయంత్రానికే ఇస్తున్నాను. ఈ ఏడాది మనం చేసినవాటిలో అన్నిటికంటే మంచి పని అదేనని నా నమ్మకం.

ఆ రోజు గిడుగు రామమూర్తి గారి జయంతి. జనం మాట్లాడే తెలుగులోనే చదువు చెప్పాలని ఆయన పట్టుబట్టింది మన ఊళ్ళో మాస్టారుగా ఉంటూనే. ఏటా పటానికి దండ వేసి ఉపన్యాసాలు పెట్టేవాళ్ళం. మన పిల్లలు బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు కదా, కష్టమైన సైన్సు పాఠం ఒకటి ఇంటి తెలుగులో చెప్పించి చూద్దామని ఈసారి కార్యవర్గం అనుకుంది. రిటైరైన మన ఫిజిక్స్ మాస్టారు విశ్వం పసితనపు వెలుగు గురించి, ఆ వేడిలోని హెచ్చుతగ్గుల గురించి చెబుతానన్నారు. పిల్లలు కూర్చుంటారా అని నాకు ఒకటే టెన్షన్.

ఒక సభ్యుడి ఇంటి అటక మీంచి పాత డబ్బా టీవీ దించి తెచ్చాం. మాస్టారు యాంటెన్నా తగిలించి, ఏ ఛానలూ రాని చోట పెట్టారు. తెర నిండా నల్లా తెల్లా చుక్కలు, బుస్సుమని చప్పుడు. "ఈ చుక్కల్లో నూటికి ఒక వంతు దాకా 1380 కోట్ల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగు వల్ల వచ్చేవే" అన్నారు. ముందు వరసలో పిల్లలు లేచి వెళ్ళి తెరను వేలితో తాకి చూశారు.

మొదట్లో విశ్వమంతా పొగమంచు పట్టిన మహేంద్రగిరి దారిలా ఉండేదట. విడిగా తిరిగే ఎలక్ట్రాన్లు వెలుగును తిన్నగా పోనిచ్చేవి కావు. సుమారు 3,80,000 ఏళ్ళకు వేడి 3000 డిగ్రీలకు దిగి, ఎలక్ట్రాన్లు పరమాణువుల్లో కుదురుకున్నాక ఆ మంచు విడింది. అప్పటి నుంచి విశ్వం 1100 రెట్లు సాగింది. దాంతోపాటే ఆ వెలుగు అలలూ సాగి, యాంటెన్నాకు అందే రేడియో తరంగాలయ్యాయి. ఆ వెలుగు ఇప్పుడు 2.725 కెల్విన్లకు చల్లబడింది, అంటే నీళ్ళు గడ్డకట్టే చలికి ఇంకో 270 డిగ్రీలు కింద. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే శాస్త్రవేత్తల యాంటెన్నాలో అది ఎంతకీ వదలని చప్పుడుగా వినబడింది. లోపలి పావురాల రెట్ట కడిగేసినా పోలేదు.

ఆ వెలుగు అన్ని వైపులా ఒకేలా ఉందా? లేదు. మన సూర్యుడు సింహరాశికి దగ్గరగా ఉన్న ఒక దిక్కుకు సెకనుకు 370 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు. అందుకే ఎదురుగా ఉన్న ఆకాశం డిగ్రీలో మూడు వేయో వంతులకు పైగా వెచ్చగా, వెనక అంతే చల్లగా కనిపిస్తుంది. అది మన పరుగు వల్ల వచ్చిన తేడా. దాన్ని తీసేశాక మిగిలేది విశ్వం సొంత తేడా, లక్షకు ఒక వంతు. "లక్ష రూపాయల్లో ఒక్క రూపాయి" అన్నారు మాస్టారు. దాన్ని 1992లో కోబే ఉపగ్రహం పట్టుకుంది. గెలాక్సీలన్నిటికీ విత్తనాలు ఆ తేడాల్లోనే ఉన్నాయి.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "అయితే వేడిగా ఉన్న చోటే పదార్థం ఎక్కువ ఉందా మాస్టారూ?" అంది. ఆ వెచ్చని, చల్లని చోట్లు ఆకాశ పటంలో మచ్చల్లా ఉంటాయి. పెద్ద పెద్ద మచ్చల్లో సరిగ్గా తలకిందులట. పదార్థం చిక్కగా ఉన్నచోట ఆకర్షణ ఎక్కువ. ఆ గుంతలోంచి ఎక్కి రావడానికి వెలుగు తన శక్తి కొంత ఖర్చు పెడుతుంది, మన దగ్గరికి చల్లబడి చేరుతుంది. చిన్న మచ్చల సంగతి వేరు. అక్కడ ఆకర్షణ లోపలికి లాగుతుంటే, వెలుగు ఒత్తిడి బయటికి నెట్టేది. ఆ ఉయ్యాల ఊపు శబ్ద తరంగాలుగా సాగింది. మంచు విడేలోగా ఆ శబ్దం వెళ్ళగలిగిన దూరమే ఈనాటి మచ్చల కొలత, ఆకాశంలో సుమారు ఒక డిగ్రీ, అంటే రెండు పున్నమి చంద్రుళ్ళను పక్కపక్కన పెట్టినంత. ఇది మాస్టారు గచ్చు మీద సుద్దముక్కతో గీసి చూపించారు. ప్లాంక్ ఉపగ్రహం తీసిన ఆ మచ్చల పటం కూడా తెచ్చారు గానీ, పిల్లలు ఆ సుద్దగీతల చుట్టూనే కూర్చున్నారు.

వచ్చే ఏడాది ఇలాంటి సాయంత్రాలు మూడు పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది, సభ్యుల ఆమోదం కోరుతున్నాం. టీవీ మన గ్రంథాలయం గదిలోనే ఉంది. ఆదివారం తరగతి అయ్యాక పిల్లలు అడిగితే పెట్టి చూపిస్తున్నాం.

కార్యదర్శి