లాడ్జిల్లో మంచాలు లెక్కపెట్టండి: ముఖ్యమంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి,

నమస్కారం. మాది ఖమ్మం. ఒక పాఠ్యపుస్తకాల కంపెనీలో 23 ఏళ్లుగా సేల్స్ రిప్రజెంటేటివ్‌గా పనిచేస్తున్నాను. జనవరి నుంచి జూన్ దాకా మాకు సీజను. శాంపిల్ పుస్తకాల సంచి భుజాన వేసుకుని ఊరూరా స్కూలు కరస్పాండెంట్ల గదుల ముందు కూర్చోవాలి. రాత్రి బసకు కంపెనీ ఇచ్చేది ఆరు వందలు. ఆ ఆరు వందలకు దొరికే గదుల్లోనే నా సగం జీవితం తెల్లారింది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, మహబూబ్‌నగర్, సికింద్రాబాద్... స్టేషన్ల పక్కన, బస్టాండ్ల ఎదుట ఉన్న లాడ్జిలు నాకు మా వీధి ఇళ్లంత పరిచయం.

గది తీసుకోగానే అందరూ బాత్రూంలో నీళ్లు వస్తున్నాయా, టీవీ పనిచేస్తుందా చూస్తారు. నేను కిటికీ తెరుచుకుంటుందా చూస్తాను. ఆ తర్వాత వరండాలోకి వచ్చి నా గది నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకుంటాను. మొదటి అంతస్తులో, రోడ్డు వైపు గది ఉంటే ఇంకో యాభై ఎక్కువైనా అదే అడుగుతాను. తలగడ పక్కన టార్చి, కుర్చీ మీద తడిపిన తువ్వాలు. మా ఆవిడకు ఇది నవ్వులాట. ‘లాడ్జికి పోతున్నారా, యుద్ధానికా’ అంటుంది.

ఈ అలవాటు ఊరికే రాలేదు. ఏడెనిమిదేళ్ల కిందట ఒక జిల్లా కేంద్రంలో బస్టాండు దగ్గరి లాడ్జిలో రెండో అంతస్తులో దిగాను. ఊరి పేరు, లాడ్జి పేరు రాయను. తప్పు ఆ ఒక్క యజమానిదే అయితే మీకు ఈ లేఖ రాసే పనే ఉండేది కాదు. రాత్రి రెండున్నర ప్రాంతంలో దగ్గు వచ్చి మెలకువైంది. ఫ్యాను ఆగిపోయింది. గొంతులో రబ్బరు కాలిన చేదు. తలుపు తీసి ఫోను లైటు వేస్తే వెలుతురు మూరెడు దూరం కూడా పోలేదు, అంత పొగ. గోడ తడుముకుంటూ, సాయంత్రం లెక్కపెట్టుకోని తలుపులను అప్పుడు లెక్కపెట్టుకుంటూ, మెట్లు దిగాను. మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీ, దాన్ని ఆనించి పాత పరుపులు, దుప్పట్ల మూట. అవే రాజుకున్నాయి. పొగ పైకి పోవాలి, మేం కిందికి రావాలి. ఇద్దరికీ ఉన్నది ఒకటే దారి.

కిందికొచ్చాక అసలు సంగతి తెలిసింది. షట్టర్ దించి తాళం వేశారు. తాళంచెవి నైట్ మేనేజర్ జేబులో ఉంది. ఆయన చాయ్ తాగడానికి బస్టాండుకు వెళ్లాడు. పదకొండు మందిమి షట్టర్ మీద చేతులతో బాదుతూ నిలబడ్డాం. అందులో ఒక చంటిపిల్ల తల్లి ఉంది, తెల్లవారి ఏదో పరీక్ష రాయాల్సిన ఇద్దరు కుర్రాళ్లున్నారు. బయట ఆటోవాళ్లు చప్పుడు విని, పరుగెత్తి ఆ మేనేజర్‌ను పట్టుకొచ్చేసరికి ఆరేడు నిమిషాలు పట్టి ఉంటుంది. ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున మా అందరికీ అద్దె తిరిగిచ్చేశాడు, చాయ్ కూడా ఇప్పించాడు. ఎవరమూ ఫిర్యాదు రాయలేదు. నాకు తొమ్మిదింటికి ఒక స్కూల్లో అపాయింట్‌మెంట్ ఉంది, వెళ్లిపోయాను. ఆ రాత్రి ఏ శాఖ లెక్కలోకీ ఎక్కలేదు. ఇలాంటి రాత్రులు ఇంకెన్ని ఎక్కలేదో మీరే ఊహించుకోవచ్చు.

లెక్కలోకి ఎక్కినవి మీకు తెలుసు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్ పాస్‌పోర్టు ఆఫీసు దగ్గరి రూబీ లాడ్జి. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన అద్దె గదులు. కింద అంటుకున్న మంటల పొగ మెట్లదారి పట్టుకుని పైకి ఎగబాకింది. కొందరు కిటికీల్లోంచి దూకారు. 8 మంది పోయారు. విజయవాడ నుంచి, చెన్నై నుంచి, ఢిల్లీ నుంచి పనిమీద వచ్చి ఒక రాత్రి తలదాచుకున్న నాలాంటివాళ్లు. ఆ వీధిలో నేనూ చాలాసార్లు దిగాను. మర్నాడు పేపర్లో ఆ భవనం ఫోటో చూసి మా ఆవిడ మాత్రం నవ్వలేదు.

ఆ తర్వాత తనిఖీలు జరిగాయి, నోటీసులు వెళ్లాయి. కొన్నాళ్లకు అంతా సద్దుమణిగింది. కానీ ఆ ప్రమాదం బయటపెట్టిన లొసుగు అధికారుల అలసత్వం ఒక్కటే కాదు. చట్టంలోనే ఒక కొలత తప్పుగా ఉంది.

ఉమ్మడి రాష్ట్రంలో చేసిన 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టమే ఇవాళ్టికీ మన దగ్గర నడుస్తోంది. దాని ప్రకారం అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదని ఇచ్చే పత్రం, ఎవరికి కావాలి? నివాస భవనమైతే 18 మీటర్లు దాటినప్పుడు. వాణిజ్య భవనమైతే 15 మీటర్లు, ఆపైన. జనం గుమిగూడే చోట్లకు మాత్రం, అంటే బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనాలయాల వంటివాటికి, ఎత్తు 6 మీటర్లున్నా చాలు, లేదా స్థలం 500 చదరపు మీటర్లున్నా చాలు.

ఇప్పుడు ఒక మామూలు లాడ్జిని తీసుకోండి. నూటయాభై గజాల స్థలం, గ్రౌండ్ ప్లస్ త్రీ. టేపు పెట్టి కొలిస్తే పన్నెండు, పదమూడు మీటర్లు. పదిహేనుకు అందదు. మేలుకుని కూర్చుని మూడు గంటల్లో లేచిపోయే సినిమా హాలుకు ఆరు మీటర్ల గీత. అక్షింతలు వేసి, భోంచేసి, వక్కపొడి నములుతూ బయటికొచ్చే ఫంక్షన్ హాలుకూ ఆరు మీటర్ల గీతే. కొత్త ఊళ్లో, దారి తెలియని చీకట్లో, గడియ పెట్టుకుని ఒళ్లు తెలియకుండా నిద్రపోయే లాడ్జికి మాత్రం పదిహేను! ఇది ఏ న్యాయమో నాకు అర్థం కాలేదు. ఎత్తు చూడటం తప్పని నేననను. నిచ్చెన అందని చోట ప్రమాదం ఎక్కువే. కానీ లాడ్జిలో మనిషి నిచ్చెన వచ్చేదాకా ఉండడు. పొగ పీల్చినవాడికి మిగిలేది కొద్ది నిమిషాలు. నిద్రలో ఉన్నవాడు వాసనకు లేస్తాడన్న నమ్మకం కూడా లేదు. నాకు దగ్గు రావడం నా అదృష్టం.

ఎత్తు లేకపోయినా చావు వస్తుందనడానికి మన హైదరాబాదే సాక్ష్యం. 2022 మార్చి 23 తెల్లవారుజామున భోయిగూడలో తుక్కు గోదాము అంటుకుంది. పైన నిద్రపోతున్న బిహారు కూలీలు 12 మంది. దూకి బతికింది ఒక్కడు. అదేమీ ఆకాశహర్మ్యం కాదు, గోదాము మీద అటక లాంటి గదులు. మొన్నటి మాటగా ఇంకా కళ్లముందే ఉన్నది 2025 మే 18, గుల్జార్ హౌజ్. గ్రౌండ్ ప్లస్ టూ ఇల్లు, లోపలికి ఒకే ఇరుకు దారి. 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. ఈ రెండు చోట్లా అడ్డం వచ్చింది దారే.

బయటి రాష్ట్రాల్లో కూడా హోటళ్ల కథ ఇంతే. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఒక హోటల్లో తెల్లవారకముందే 17 మంది, 2025 ఏప్రిల్ 29న కోల్‌కతా బడాబజార్ ప్రాంతంలోని చవక హోటల్లో 14 మంది. కోల్‌కతాలో ఎక్కువమంది ఊపిరాడకే పోయారు. 2020 ఆగస్టులో విజయవాడలో కొవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో 10 మంది పోయిందీ తెల్లవారుజామునే. అందరూ మంచాల మీద ఉన్న వేళ.

ఇక అధికారం ఎవరిదన్న సంగతి. నగరంలో ఎత్తైన భవనాలు అగ్నిమాపక శాఖవి, పొట్టివి పురపాలక యంత్రాంగానివి అంటారు. మీవంటే మీవి అనుకునే చోట లాడ్జి యజమానికి ఎవరూ అడ్డు రారు. అయితే మీకు ఒక సౌకర్యం ఉంది. హోం, పురపాలక శాఖలు రెండూ మీ దగ్గరే ఉన్నాయి. రెండు ఫైళ్లూ ఒకే బల్ల మీదికి వస్తాయి.

నిజానికి లాడ్జిలకు ప్రభుత్వం రావడం లేదని అనలేను. వస్తోంది, అదీ రాత్రిపూటే. కానిస్టేబుల్ వచ్చి రిజిస్టర్ తెమ్మంటాడు, ఆధార్ జిరాక్సులు తిరగేస్తాడు, అనుమానం వస్తే తలుపు తట్టి ‘ఏ ఊరు, ఏం పని’ అని అడుగుతాడు. నన్నే ఒక పదిసార్లు అడిగి ఉంటారు. లోపల ఎవరున్నారో అంత శ్రద్ధగా చూసే ప్రభుత్వం, లోపలున్నవాడు బయటికి ఎలా రావాలో ఒక్కసారీ చూడదు. ఆ కానిస్టేబులే రిజిస్టర్ మీద సంతకం పెట్టేముందు మూడు చోట్ల టార్చి వేయొచ్చు కదా? షట్టర్‌కు తాళం ఉందా, మెట్ల మీదా మెట్ల కిందా సామానుందా, ఇంకో దారి తలుపు తెరుచుకుంటుందా. దీనికి కొత్త శాఖ అక్కర్లేదు, కొత్త బండి అక్కర్లేదు.

లాడ్జిలవాళ్ల మీద నాకు కోపం లేదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి లేఖలు రాస్తే మరునాడు ఓ నలభై లాడ్జిలకు సీలు వేసి ఫోటోలు దిగే ప్రమాదం కూడా ఉంది. ఆ పని చేయకండి. నిమ్స్‌లో తండ్రిని చేర్చి పదిరోజులు తిరగాల్సిన కొడుకు, గ్రూప్స్ రాయడానికి ముందురోజు దిగే అమ్మాయి, నగల కోసం, చీరల కోసం పల్లె నుంచి వచ్చిన పెళ్లివారు, వీళ్లంతా ఎక్కడికి పోతారు? ప్లాట్‌ఫారం మీదికి. చవక గది పేదవాడి హక్కు లాంటిది. నాకు తెలిసిన యజమానుల్లో చాలామంది లీజుకు తీసుకుని నడుపుతున్నవాళ్లే. భవనం ఒకరిది, కింద దుకాణం ఇంకొకరిది, బోర్డు మరొకరిది. ప్రమాదం జరిగాక ముగ్గురూ ఒకరినొకరు చూపిస్తారు.

నూటయాభై గజాల్లో రెండో మెట్లదారి ఎక్కడ కట్టాలి అని వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వెనకవైపు గోడకు ఇనుప మెట్లు బిగించడం చాలాచోట్ల సాధ్యం. అదీ కుదరని భవనంలో పై అంతస్తులు నిద్రకు పనికిరావు, అంతే. మిగతావి పెద్ద ఖర్చులు కావు. బ్యాటరీతో నడిచే పొగ అలారం రెండు మూడు రోజుల గది అద్దెతో వచ్చేస్తుంది. షట్టర్‌కు లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గడియకు ఏమవుతుంది? ముందుభాగం అందంగా ఉండాలని కిటికీలకు అడ్డంగా బిగించిన అద్దాలు, ఫ్లెక్సీ బోర్డులు పీకేయడానికి అసలు ఖర్చే లేదు. మెట్ల మొదట్లో స్కూటర్ల ఛార్జింగు, మెట్ల కింద బ్యాటరీలు, పరుపులు ఉండకూడదు. గోడకు వేలాడే ఎర్ర సిలిండర్ గురించి నేనేమీ రాయడం లేదు, చూశారా? తారీఖు దాటిన చీటీతో ప్రతి లాడ్జిలోనూ అది ఉంటుంది. ఒకచోట తలుపు కొట్టుకోకుండా దాన్ని అడ్డం పెట్టారు. నేను చూసినంతలో దానికి దక్కిన ఉపయోగం అదొక్కటే.

మా మేనల్లుడు బ్రిస్బేన్‌లో చదువుకున్నాడు. వాడు ఓసారి చెప్పిన సంగతి నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ రాష్ట్రం క్వీన్స్‌లాండ్. అక్కడ చిల్డర్స్ అనే చిన్న ఊళ్లో, తోటల్లో కాయలు కోసే పనికి వచ్చిన కుర్ర ప్రయాణికులు ఉండే పాత హాస్టల్‌కు 2000 జూన్‌లో ఒకడు నిప్పు పెట్టాడు. 15 మంది చనిపోయారు. పెట్టినవాడికి శిక్ష పడింది. అంతటితో ఊరుకోకుండా 2002లో చట్టాన్ని సవరించి చవక బసల కోసం విడిగా నిబంధనలు తెచ్చారు. అందులో గీత ఎత్తు మీద లేదు. ఆరుగురు, అంతకు మించి మనుషులు స్నానాల గదులు పంచుకుంటూ ఉండే బస అయితే చాలు, అది ఒక్క అంతస్తుదైనా ఆ నిబంధనల కిందికి వస్తుంది. పాత భవనాలనూ వదల్లేదు.

నేను అడిగేది అంతకన్నా చిన్నది. 1999 చట్టంలో ఆరు మీటర్ల వరుసలో బడి, సినిమా హాలు, ఫంక్షన్ హాలు ఉన్నాయి కదా, ఆ పక్కన ‘లాడ్జి, హాస్టల్’ అన్న రెండు మాటలు చేర్చండి. హాస్టల్ అన్నది ఎందుకంటే అమీర్‌పేట, అశోక్‌నగర్ సందుల్లో ఒక్కో గదిలో ఆరేసి మంచాలు వేసి పిల్లలను ఉంచుతున్నారు, అక్కడ గ్రౌండ్ ఫ్లోర్‌లోనే వంట. వీలైతే ఎత్తు మాటే తీసేసి, పరాయి మనుషులకు పది మంచాలు అద్దెకిచ్చే ఏ చోటైనా సరే అని రాయండి. ఎన్ఓసీ నంబరు, తనిఖీ చేసిన తేదీ కౌంటర్ మీద, రేట్ల బోర్డు పక్కనే పెట్టమనండి. ఇప్పుడు యాప్‌లో గది చూస్తే ఏసీ ఉందా, వైఫై ఉందా అన్నీ చెబుతుంది. రెండో దారి ఉందా లేదా అన్నదీ అక్కడే కనిపించేలా చేయించగలిగితే మాలాంటివాళ్లం ఆ యాభై రూపాయలు సంతోషంగా ఎక్కువిస్తాం.

పాత లాడ్జిలకు ఏడాది గడువు ఇవ్వండి. షట్టర్ తాళానికి మాత్రం ఒక్కరోజు కూడా ఇవ్వకండి.

వచ్చే సీజనుకు జనవరి మొదటివారంలో నేను సికింద్రాబాద్‌లోనే దిగుతాను, స్టేషనుకు దగ్గర్లోనే. మీ అధికారి ఎవరినైనా పంపితే నేను ఎక్కి దిగిన మెట్లన్నీ దగ్గరుండి చూపిస్తాను. పగలు మాత్రం వద్దు. రాత్రి పదకొండు దాటాక, షట్టర్లు దించాక రమ్మనండి.

ఇట్లు,
ఒక పాఠ్యపుస్తకాల సేల్స్ రిప్రజెంటేటివ్,
ఖమ్మం