6 బటన్లు అని రాసి 3 బటన్లు పంపారు

కస్టమర్ కేర్ వాళ్ళకి నమస్కారం.

మీరు పంపిన వీడియో గేమ్ ప్యాడ్‌ల గురించి, అంటే చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ల గురించి, ఇది నేను మీకు రాస్తున్న మూడో మెయిల్. మొదటి రెండింటికీ "మీ ఫిర్యాదు అందింది" అని వచ్చింది, ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్ చేస్తే మీ దగ్గర పనిచేసే అబ్బాయి "ప్యాడ్ పనిచేస్తోంది కదా సార్, మరి కంప్లైంట్ ఏంటి?" అన్నాడు. పాపం మర్యాదగానే అడిగాడు, ఆ ప్రశ్నకి ఫోన్‌లో సరిగ్గా జవాబు చెప్పలేకపోయింది నేనే. అందుకే కూర్చుని వివరంగా రాస్తున్నాను, ఈసారైనా చివరిదాకా చదవండి.

నేను మీ దగ్గర కొన్నది సెగా కంపెనీ పాత గేమ్ మెషీన్ మెగా డ్రైవ్‌కి వచ్చిన కొట్లాట ఆట, స్ట్రీట్ ఫైటర్ 2 స్పెషల్ ఛాంపియన్ ఎడిషన్ సెట్. పాత కాట్రిడ్జ్ (ఆట ఉండే డబ్బీ) ఒకటి, ప్యాడ్‌లు రెండు, అంతా కలిపి 6,800 రూపాయలు. మీ పేజీలో "6 బటన్ల ప్యాడ్‌లు రెండు" అని రాసి ఉంది, ఆ స్క్రీన్‌షాట్ మొదటి మెయిల్‌లోనే పెట్టాను. పెట్టె విప్పి చూస్తే రెండూ 3 బటన్లవే. ఎ, బి, సి, పైన ఒక స్టార్ట్. అంతే.

ఏ ప్యాడ్ అయితే ఏముందిలే అనుకుంటున్నారేమో. సోనిక్ లాంటి ఆట అయితే నేనూ అలాగే సర్దుకుపోయేవాణ్ణి, అందులో ఏ బటన్ నొక్కినా దూకడమే కదా. ఇది అలా కాదు. 1991లో ఈ ఆట తయారుచేసిన క్యాప్‌కామ్ కంపెనీ దీన్ని పార్లర్లలో ఉండే ఆర్కేడ్ మెషీన్‌లో దించినప్పుడే దానికి ఆరు బటన్లు: పైవరసలో మూడు గుద్దులు, కిందివరసలో మూడు తన్నులు, ఎడమ నుంచి కుడికి చిన్నది, మధ్యది, పెద్దది. చిన్న దెబ్బ చటుక్కున తగులుతుంది కానీ ఎదుటివాడి ఎనర్జీ పెద్దగా తగ్గదు, పెద్ద దెబ్బకి బాగా తగ్గుతుంది కానీ అది ఆలస్యంగా లేస్తుంది, ఈలోపు వాడు మనల్ని కొట్టేస్తాడు. ఎప్పుడు ఏది నొక్కాలో తెలియడమే ఈ ఆట.

1992లో ఇంట్లో ఆడే మెషీన్లలో ఇది మొదట సెగాకి పోటీ అయిన నింటెండో వాళ్ళ సూపర్ నింటెండోకి వచ్చింది. ఆ ప్యాడ్ ముఖం మీద నాలుగు బటన్లు, పైఅంచున రెండు, లెక్క సరిపోయింది. సెగాకి అక్కడే చిక్కొచ్చిపడింది, మెగా డ్రైవ్ ప్యాడ్ మీద ఉన్నవి మూడే మరి. మెగా డ్రైవ్ ఉన్నవాళ్ళు ఏడాదికి పైగా ఎదురుచూశాక 1993లో ఈ ఆట వాళ్ళ దాకా వచ్చింది, సెగా 6 బటన్ల ప్యాడ్ తెచ్చిందీ ఆ ఏడాదే. పోటీ కంపెనీ మెషీన్ మీద ఆడుతున్న ఆట కోసం సెగా అంతటిదే కొత్త ప్యాడ్ చేయించుకుంది, మీరేమో పాత ప్యాడ్ చాలంటున్నారు.

3 బటన్లతో అసలు ఆడలేమా అంటే ఆడొచ్చు, మీ అబ్బాయి అన్నది అబద్ధం కాదు. ఎ, బి, సి మూడూ గుద్దులుగా పనిచేస్తాయి, తన్నాలంటే స్టార్ట్ నొక్కాలి, అప్పుడు అవే మూడూ తన్నులుగా మారతాయి, మళ్ళీ గుద్దాలంటే మళ్ళీ స్టార్ట్. ఇదెలా ఉంటుందో చెప్తాను. మొన్న దసరాకి మా బావమరిది వచ్చాడు. చిన్నప్పుడు పార్లర్‌లో ఈ ఆటలో వాడి పాత్ర ర్యూ, నాది చున్-లీ, సెలవులన్నీ అలాగే గడిచాయి. ఆ సరదాకే ఈ సెట్ కొన్నాను. వాడు దూరం నుంచి హడోకెన్ (చేతుల్లోంచి వదిలే శక్తి గోళం) వదిలాడు, నేను దాని మీదుగా ఎగిరి పైనుంచి తన్నుదామని సి నొక్కాను. అంతకుముందు స్టార్ట్ నొక్కడం మర్చిపోయాను. గాల్లో ఉన్న చున్-లీ తన్నాల్సింది పోయి గుద్దింది, అది వాడికి అందలేదు, కిందికి దిగేలోపు వాడి షోర్యూకెన్, అదే పైకి ఎగురుతూ గుద్దే గుద్దు, నా గడ్డం కింద పడింది. ఆ తర్వాతి రౌండ్ అంతా స్టార్ట్ నొక్కానా లేదా అన్న టెన్షన్‌తోనే అయిపోయింది. బొటనవేలు పైకి జరిపి స్టార్ట్ నొక్కి మళ్ళీ కిందికి తెచ్చేలోపు దెబ్బ పడిపోతుంది. వాడిదీ అదే బాధ, హడోకెన్‌కి గుద్దు కావాలి, గిర్రున తిరుగుతూ తన్నే దానికి తన్ను బటన్ కావాలి. ఇక ఈ ఆటలో ఇండియా ఫైటర్ ధాల్సిమ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మనవాడు కదా, ఏనుగుల స్టేజ్ కదా అని మా పాప అతన్నే పట్టుకుంది, అతని బలమంతా అంత దూరం సాగే చేతుల్లో, కాళ్ళల్లో ఉంది, సగం సేపు కాళ్ళు, సగం సేపు చేతులు లేకుండా ఆడితే ఇంకేం గెలుస్తుంది? పది నిమిషాల్లో ప్యాడ్ పక్కన పడేసి వెళ్ళిపోయింది.

ఇంకో మాట. మీ పేజీలో పెట్టిన ఫోటోలు కూడా ఈ ఆటవి కావు. ఒకదాంట్లో టైటిల్ మీద టర్బో అని పెద్ద అక్షరాలతో ఉంది, అది సూపర్ నింటెండోకి వచ్చిన వేరే కాట్రిడ్జ్. రంగులు చూసినా తెలిసిపోతుంది, ఆ మెషీన్ ఒకేసారి 256 రంగులు చూపించగలదు, మెగా డ్రైవ్ 64 దగ్గరే ఆగిపోతుంది. తెలిసినవాళ్ళు సరే, తెలియని వాళ్ళు ఆ బొమ్మలు చూసి కొని ఇంటికొచ్చాక మోసపోయామనుకోరా?

కాట్రిడ్జ్ మీద నాకే ఫిర్యాదూ లేదు. పిన్నులు శుభ్రంగా ఉన్నాయి, పెట్టగానే ఆడింది. ఆటలో పాత్రల గొంతులు జలుబు చేసినవాడు అరిచినట్టు గరగరమంటాయి, అది మెగా డ్రైవ్ వెర్షన్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు, నాకు తెలిసే కొన్నాను. నా కన్సోల్ 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకి 50 సార్లే బొమ్మ మార్చేది కాబట్టి ఆట కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అదీ మీ మీద వెయ్యను. పైగా చివర్లో ఎదురయ్యే నలుగురు బాస్‌లను మన పాత్రలుగా తీసుకుని ఆడుకునే వీలు సూపర్ నింటెండో మొదటి కాట్రిడ్జ్‌లో లేదు, దీంట్లో ఉంది, అందుకే ఇది ఎంచుకున్నాను.

కాబట్టి రెండు 6 బటన్ల ప్యాడ్‌లు పంపించి ఇవి వెనక్కి తీసుకోండి. లేదంటే ప్యాడ్‌ల వరకు మీరు బిల్లులో చూపించిన 2,600 రూపాయలు తిరిగి ఇవ్వండి. "వాడిన వస్తువుకి రిటర్న్ లేదు" అని మాత్రం అనకండి. ఒకటి రాసి ఇంకొకటి పంపడం వేరు, వాడిన వస్తువు వేరు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు తేల్చాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లో ఉంది. మొదటిది చేశారు, రెండోదానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అది దాటితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను.

పాత ప్యాడ్‌లు రెండూ అదే పెట్టెలో సర్ది, టేపు వేసి పెట్టాను. తీసుకెళ్ళడానికి మనిషిని సాయంత్రం ఆరు తర్వాత పంపండి, పగలు ఇంట్లో ఎవరూ ఉండరు.

ఇట్లు,
మూడు వారాలుగా చున్-లీతో గుద్దులు మాత్రమే గుద్దుతున్న మీ కస్టమర్