గాడిద పాల సబ్బు ధర ఎందుకు పెరిగింది

బెంగళూరు కె.ఆర్.పురంలోని మా చిన్న సబ్బుల దుకాణానికి ఫోన్లు చేస్తున్న అందరికీ ఒకేసారి జవాబు రాస్తున్నాను. గాడిద పాల సబ్బు ఇకపై 180 కాదు, 260 రూపాయలు. అదీ ముందుగా చెప్పి ఉంచినవారికే.

పాలు చింతామణి వైపు ఒక రైతు దగ్గర కొంటాం. ఆడ గాడిద దాదాపు ఏడాది చూలు మోసి, సాధారణంగా ఒక్క పిల్లనే ఈనుతుంది. రోజుకు లీటరు పాలిస్తే గొప్ప. పిల్ల పక్కన లేకపోతే పాలు సరిగా చేపదు. అందుకని కొన్నిచోట్ల పిల్లను రాత్రంతా దూరంగా కట్టేసి, తెల్లవారగానే రెండు గుక్కలు తాగనిచ్చి, మెడతాడు పట్టి లాగేసి, మిగిలినదంతా పిండుకుంటారు. మేం కొనే చోట పిల్ల మేతకు అలవాటుపడేదాకా పొదుగు ముట్టుకోరు. ఆ తరువాతా పూటకు ఒక గ్లాసుకు మించి తీయరు. ఈ షరతు మాదే కాబట్టి ఆ నష్టం రైతు నెత్తిన వేయలేం.

గిట్టలు కూడా వేళకు చెక్కించమన్నాం. వదిలేస్తే అవి ముందుకు పెరిగి వంకర తిరుగుతాయి. గాడిద నొప్పిని అంత తొందరగా బయటపెట్టదు. నిలబడే తీరు చూసి మనిషే పోల్చుకోవాలి.

"వేరేచోట పాలు చవకగా దొరుకుతున్నాయి కదా?" అని ఒక అక్క అడిగారు. దొరుకుతాయి, అక్కా. వట్టిపోయాక ఆ గాడిద ఎక్కడికి పోతుందో మాత్రం వాళ్లు చెప్పరు. 2012 పశుగణనలో దేశంలో సుమారు 3.2 లక్షల గాడిదలుంటే, 2019 నాటికి 1.2 లక్షలే మిగిలాయి. మోత పని బండ్లకు పోయింది. ఆంధ్ర కోస్తా జిల్లాల్లోనేమో బలం వస్తుందన్న నమ్మకంతో మాంసానికి కోస్తున్నారు. ఆహార భద్రత నిబంధనలు దానికి ఒప్పుకోవు, అయినా అమ్మకం ఆగలేదు. వట్టిపోయినవాటిని అమ్మనని రైతు మాట ఇచ్చారు. ఆ మాట నిలవాలంటే పాలు లేని నెలల్లోనూ మేతకు మేం డబ్బు పంపాలి. పెరిగిన ధరలో ఎక్కువ భాగం అదే.

ఈ సబ్బు ఒంటిని తెల్లబరుస్తుందని మేం రాయలేదు, రాయం. కాస్టిక్ సోడాలో కలిశాక పాలు పాలుగా ఉండవు. నురగ మెత్తగా వస్తుంది, అంతే. అంత ఖర్చు ఎందుకనుకునేవారికి 90 రూపాయల కొబ్బరినూనె సబ్బు ఉంది. మా ఇంట్లో వాడేది అదే.

సబ్బు ఆరడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సంక్రాంతికి కావలసినవారు నవంబరులోపు చెప్పండి.