బిట్‌కాయిన్: తాకట్టు కౌంటరు నుంచి చూస్తే

సంపాదకులకు నమస్కారం.

కంప్యూటర్ నెట్‌వర్క్‌లో మాత్రమే ఉండే డిజిటల్ నాణెం బిట్‌కాయిన్ విలువను దాచుకునే సాధనమా, ఉత్త జూదమా అన్న చర్చను మీ పత్రికలో శ్రద్ధగా చదువుతున్నాను. రెండు పక్షాల వారూ ధర ఎంత పెరిగింది, ఇంకెంత పెరుగుతుంది అన్న దగ్గరే ఆగిపోతున్నారు. నేను ప్రొద్దుటూరులో ఒక బ్యాంకు శాఖలో చాలా ఏళ్లు బంగారు రుణాల కౌంటరు చూసి పదవీ విరమణ చేశాను. తాకట్టు పెట్టుకుని అప్పు ఇచ్చేవారు ధర ఎంత పెరుగుతుందని చూడరు, ఎంత పడిపోవచ్చని చూస్తారు. కష్టకాలానికని దాచుకునేవారు కూడా ముందుగా అడగవలసింది ఆ ప్రశ్నే.

మా ప్రాంతంలో నల్లరేగడి రైతులు అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ విత్తుతారు. విత్తనానికి, ఎరువుకు డబ్బు కావలసినప్పుడు ఇంట్లోని నగలు మా కౌంటరు మీదికి వచ్చేవి. బంగారం నాణ్యత, బరువు తేల్చే అప్రైజర్ నగను గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి చూసి, రాళ్ల బరువు, లక్క బరువు తీసేసి నికర తూకం చెప్పేవాడు. ఆ రోజు ధర కట్టి, కాగితాల మీద సంతకాలు అయ్యాక డబ్బు ఇచ్చి పంపేవాళ్లం. పంట అమ్ముకున్నాక వచ్చి, వడ్డీతో సహా కట్టి, తమ నగను తామే తీసుకువెళ్లేవారు. పిల్లల ఫీజులైనా, ఆసుపత్రి ఖర్చయినా ఇదే పద్ధతి. ఈ అవసరాలు ఏవీ ధర బాగున్న రోజు చూసుకుని రావు.

సాధారణ బంగారు రుణానికి రిజర్వు బ్యాంకు చాలాకాలం పెట్టిన పరిమితి, నగ విలువలో 75 శాతం. ధర పాతిక శాతం పడిపోయినా అప్పు మునగకూడదన్నది దాని వెనుక ఉన్న లెక్క. అదే లెక్క బిట్‌కాయిన్‌కు వేసి చూడండి. 2017 డిసెంబరులో దాని ధర 20,000 డాలర్ల దాకా వెళ్లి, ఏడాది తిరిగేసరికి 3,200 డాలర్ల దగ్గరికి దిగింది. 2021 నవంబరులో 69,000 డాలర్ల దగ్గర ఉన్నది, మరుసటి నవంబరులో 16,000 కంటే కిందికి పడింది. ఆ శిఖరం దగ్గర లక్ష రూపాయల బిట్‌కాయిన్ మీద ఎవరైనా 75 వేలు అప్పు ఇచ్చి ఉంటే, ఏడాదిలో ఆ తాకట్టు విలువ పాతిక వేల దరిదాపులకు వచ్చి ఉండేది. ఏ బ్యాంకు మేనేజరూ దానిమీద సంతకం పెట్టడు. బ్యాంకు తన డబ్బుకు భద్రత అనుకోనిదాన్ని ఒక కుటుంబం తన కష్టార్జితానికి భద్రత అని ఎలా అనుకుంటుంది?

బంగారం ఎన్నడూ పడలేదని నేను చెప్పడం లేదు. 2011లో ఔన్సు 1,900 డాలర్లు దాటిన బంగారం 2015 డిసెంబరు నాటికి 1,050 డాలర్ల దగ్గరికి వచ్చింది. అది సుమారు 45 శాతం పతనం. ఆ సంవత్సరాల్లో గడువు దాటిన ఖాతాలు చూసి మేమూ ఆందోళన పడ్డాం. అయితే ఆ పతనానికి నాలుగేళ్లు పట్టింది. పైగా అదే కాలంలో రూపాయి బలహీనపడడం వల్ల మన దగ్గర అంత దెబ్బ తగలలేదు. నగ విడిపించుకోవడానికి, లేదా రుణం పునరుద్ధరించుకోవడానికి మనుషులకు వ్యవధి దొరికింది.

బిట్‌కాయిన్‌ను సమర్థించేవారి వాదనలో బలమైనది దాని సంఖ్యా పరిమితి. మొత్తం 2.1 కోట్లకు మించి పుట్టవు. సుమారు నాలుగేళ్లకోసారి కొత్తగా పుట్టేవి సగానికి తగ్గుతాయి. 2024 ఏప్రిల్ నుంచి ఒక్కో బ్లాకుకు, అంటే నమోదయ్యే ఒక్కో లావాదేవీల కట్టకు, 3.125 మాత్రమే కొత్తగా వస్తున్నాయి. తన లోటు పూడ్చుకోవడానికి వీటిని అదనంగా ముద్రించే వీలు ఏ ప్రభుత్వానికీ లేదు. ఈ మాటను నేను కొట్టిపారేయను. 2019 చివరి నుంచి లెబనాన్‌లో బ్యాంకులు డిపాజిటర్లకు వారి డాలర్లనే వారికి ఇవ్వకుండా ఆపేశాయి. అలాంటి చోట ఉన్నవారు బిట్‌కాయిన్ వైపు చూస్తే తప్పు పట్టలేను. మన పరిస్థితి వేరు. ఇక్కడ బ్యాంకు మునిగినా అయిదు లక్షల వరకు డిపాజిట్‌కు బీమా ఉంది.

కొరత ఒక్కటే విలువను నిలబెట్టదని 2020 మార్చి చూపించింది. కరోనా భయంతో లోకమంతా నగదు కోసం పరుగెత్తిన ఆ వారంలో, రెండు రోజుల్లోనే బిట్‌కాయిన్ దాదాపు సగానికి పడింది. బంగారమూ ఆ నెలలో తగ్గింది కానీ ఆ లోతుకు పోలేదు. తర్వాత బిట్‌కాయిన్ కోలుకుంది, 2024 డిసెంబరులో లక్ష డాలర్లు కూడా దాటింది. ఏళ్ల తరబడి కదపకుండా ఉంచగలిగినవారు లాభపడ్డారు. అలా కదపకుండా ఉంచగలిగేది ఆ డబ్బుతో అవసరం లేనివారే కదా!

నన్ను ఈ ఉత్తరం రాయించిన సంగతి మరొకటి ఉంది. మా వీధిలో ఒక తల్లి తన గాజులు, గొలుసు బ్యాంకులో పెట్టి కొడుక్కి డబ్బు పంపింది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆ అబ్బాయి దానితో క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలు, కొన్నాడు. చెడ్డ పిల్లవాడు కాడు. ఇల్లు త్వరగా కొనాలని ఆశపడ్డాడు. ధర పడ్డప్పుడు కాయిన్ అమ్మితే అసలు రాదు, అమ్మకపోతే బ్యాంకు వడ్డీ ఆగదు. నిలకడగా ఉన్నదాన్ని కుదువ పెట్టి ఊగిసలాడేదాన్ని కొనడం ఇప్పుడు చాలా ఇళ్లలో జరుగుతోంది. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది. నష్టపోయేది ఆ అబ్బాయి ఒక్కడే కాదు, కుటుంబం మొత్తం ఆపదకు పెట్టుకున్న ఆధారం పోతుంది.

ప్రభుత్వం వైఖరి కూడా న్యాయంగా లేదు. బ్యాంకులు క్రిప్టో వ్యాపారానికి సేవలు అందించరాదన్న రిజర్వు బ్యాంకు 2018 నాటి సర్క్యులర్‌ను సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టేసింది. 2022లో లాభంపై 30 శాతం పన్ను, అమ్మకంపై ముందుగానే కోసే ఒక శాతం టీడీఎస్ వచ్చాయి. నష్టాన్ని లాభంలో సర్దుకోనివ్వరు. బిట్‌కాయిన్‌లో లక్ష లాభం, అదే ఏడాది ఎథీరియం అనే మరో క్రిప్టోలో లక్ష నష్టం వస్తే చేతిలో మిగిలింది ఏమీ లేదు, అయినా సెస్సుతో కలిపి 31,200 పన్ను కట్టాలి. ఇంత వసూలు చేస్తున్నప్పుడు క్రిప్టో కొని అమ్మే వేదికైన ఎక్స్ఛేంజీలో ఉన్న ఆస్తికి రక్షణ ఏదీ? 2024 జులైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో చోరీ అయింది. ఖాతాదారులు తమ క్రిప్టోను ఏడాదికి పైగా వెనక్కి తీసుకోలేకపోయారు. ఆ వ్యవహారం సింగపూర్ కోర్టులో నడిచింది. మా శాఖలో ఖాతాదారు చనిపోతే, వారసులు పత్రాలు తెచ్చి, అప్పు కట్టి నగలు విడిపించుకోవడానికి ఒక దారి ఉండేది. ఎక్స్ఛేంజీకి అప్పగించకుండా సొంత వాలెట్‌లో, అంటే తమ దగ్గరే, క్రిప్టో దాచినవారు దాన్ని తెరిచే రహస్య పదాలు ఎవరికీ చెప్పకుండా పోతే, వారసులకు సాయపడగల కార్యాలయం ఏదీ లేదు.

ఖాతాదారుల క్రిప్టోను ఎక్స్ఛేంజీ సొంత ఆస్తి నుంచి వేరుగా ఉంచాలని, ఏటా స్వతంత్ర తనిఖీ జరగాలని, నామినీ తప్పనిసరి చేయాలని కేంద్రం చట్టం తేవాలి. బంగారు రుణం ఇచ్చేటప్పుడు డబ్బు దేనికని బ్యాంకులు అడగాలి, రాసుకోవడంతో సరిపెట్టకూడదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. బిట్‌కాయిన్ కొత్త శిఖరం తాకిందని వార్త వేసినప్పుడు, గత అయిదేళ్లలో అది తాకిన అట్టడుగు ధరను, ఆ తేదీని కూడా అదే అక్షరాల సైజులో పక్కనే వేయండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
ప్రొద్దుటూరు, వైఎస్సార్ కడప జిల్లా