రేవు వాకిలి ఊడ్చేదెవరు? రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,

విశాఖపట్నం, మల్కాపురం నుంచి ఒక రిటైర్డ్ ఫిట్టరు నమస్కరించి రాసుకునేది.

2025 ఆగస్టు 26న మీరు మా ఊరు వచ్చి, ముంబైలో కట్టిన యుద్ధనౌక ఉదయగిరిని, కోల్‌కతాలో కట్టిన హిమగిరిని ఒకే రోజు నౌకాదళంలో చేర్చారు. ఆ రోజు మా వీధిలో టీవీ పెట్టని ఇల్లు లేదు. ఈ పేటల్లో చాలామందిమి ఓడల మీదో, ఓడల కిందో బతికినవాళ్లమే. నేను ముప్పై రెండేళ్లు ఓడల మరమ్మతు పని చేశాను. కొత్త ఓడ జెట్టీని ఆనుకుని నిలబడితే, ఇంకా మరక పడని ఆ బూడిద రంగు చూసి ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. సైన్యానికి డబ్బెందుకు అనే మనిషిని కాను. దేనికి ముందు ఖర్చు పెట్టాలి, దేనికి తర్వాత అన్నదే నా బాధ. శత్రువు సముద్రంలో పరిచే పేలుడు మైన్లను తీసే ఓడ మనకు ఒక్కటీ లేదన్నదే ఈ లేఖ.

మా ఇంట్లో ఈ వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. మా కోడలు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. వానాకాలం జ్వరాలప్పుడు ఒక్కో మంచం మీద ఇద్దరేసి రోగులు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూలబడి అంది: "మావయ్యా, మీ ఓడ ఒక్కటి తక్కువ కట్టుకుంటే మాకు మంచాలు రావా?" ఆ పిల్ల కాళ్లు వాచి ఉన్నాయి. నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేసిన సంగతి మా నాన్న చెబుతుంటే విని పెరిగినవాణ్ణి. కాపలా లేని రేవు గతేమిటో నాకు తెలుసు. కానీ మంచం లేని రోగికి ఆ కథ చెప్పి ఊరుకోబెట్టలేం. రక్షణకు పెట్టే ప్రతి రూపాయి మా కోడలి లాంటివాళ్లకు అందకుండా పోయిన రూపాయి కూడా. అందుకే అది సరైన చోట పడిందా అని అడిగే హక్కు మాకుంది. ప్రశ్న అడిగితే జవాన్లను అవమానించినట్టు అనేవాళ్లు నాకూ తారసపడ్డారు. సరైన పనిముట్టు లేకుండా జవానును నీళ్లలోకి దింపడం కంటే పెద్ద అవమానం ఏముంది?

2025-26 రక్షణ బడ్జెట్టు 6.81 లక్షల కోట్లు. అందులో 1.60 లక్షల కోట్లు పింఛన్లకే పోతాయి. కొత్త ఓడలు, విమానాలు, ఆయుధాలు కొనడానికి మిగిలేది సుమారు 1.49 లక్షల కోట్లు. దేశం మొత్తానికి, మూడు దళాలకూ కలిపి. హిమాలయాల మీద ఒకటి, గుజరాత్ నుంచి బెంగాల్ దాకా తీరం పొడవునా ఒకటి, రెండు కాపలాలు కాయాల్సిన దేశానికి ఇది ఎక్కువని నేననను. పరిమితమైన సొమ్ము గనక, ఎక్కడ చిల్లు ఉందో ముందు చూసుకోవాలి.

ఆ చిల్లు మా ఊరి గుమ్మంలోనే ఉందండీ.

మన నౌకాదళానికి ఇవాళ రెండు విమానవాహక నౌకలున్నాయి. ఇక్కడే పుట్టిన అరిహంత్, అరిఘాత్ లాంటి అణు జలాంతర్గాములున్నాయి. కానీ సముద్రంలో పరిచిన మైన్లను వెతికి తొలగించడానికే కట్టిన ఓడ ఒక్కటీ లేదు. సోవియట్ యూనియన్ నుంచి 1978 - 1988 మధ్య పన్నెండు మైన్‌స్వీపర్లు తెచ్చుకున్నాం. అవి ముసలివై ఒక్కొక్కటే తప్పుకున్నాయి. చివరిది కోళిక్కోడ్ 2019 ఏప్రిల్‌లో జెండా దించేసింది. ఆ తర్వాత ఆ చోటు ఖాళీ.

మైను గురించి తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెబుతాను. పాతకాలపు మైను లంగరుకు కట్టిన ఇనుప బంతి. ఓడ తగిలితే పేలుతుంది. ఇప్పటివి అడుగున, బురదలో పడుకుంటాయి. ఓడ ఇనుము అయస్కాంతంలా పనిచేస్తే దాన్ని పసిగడతాయి, ప్రొపెల్లరు చప్పుడు వింటాయి, పైన పెద్ద ఓడ వెళ్తుంటే నీటి ఒత్తిడిలో వచ్చే తేడానూ కనిపెడతాయి. లోపల లెక్క పెట్టే యంత్రం కూడా ఉంటుంది. మొదటి నాలుగు ఓడలను పోనిచ్చి అయిదోదాని కింద పేలమని ముందే చెప్పి పెట్టవచ్చు. అందుకే దారి బాగుందని ఒక ఓడ పోయి వచ్చినంత మాత్రాన బాగున్నట్టు కాదు. ఇంటి ముందు వాకిలి ఊడ్చినట్టు అంగుళం వదలకుండా వెతకాలి. ఆ పని చేసే ఓడ తనే మైనుకు దొరక్కూడదు గనక, దాని ఒంటికి అయస్కాంతం అంటకుండా, ఇంజను చప్పుడు నీళ్లలోకి దిగకుండా ప్రత్యేకంగా కడతారు. మామూలు యుద్ధనౌకను పంపి చేయించే పని కాదది.

మా రేవు ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. ఒక పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇంకో పక్క రాస్ హిల్, రెండింటి నడుమ సన్నటి కాలువ. లోపలి హార్బరుకు అదొక్కటే దారి. యుద్ధనౌకైనా సరుకు ఓడైనా ఆ గొంతులోంచే పోవాలి. బయట హార్బరు ముందూ అవే నీళ్లు. మా రిఫైనరీకి చమురు ఓడల మీదే వస్తుంది. కొండ రాతిని తొలిచి దాచిన 13.3 లక్షల టన్నుల అత్యవసర చమురు నిల్వ కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఆ గొంతులో పది మైన్లు పడితే చాలు. పడకపోయినా, పడ్డాయన్న పుకారు చాలు. బీమా కంపెనీలు ఓడలను రానివ్వవు. అన్ని వేల కోట్ల యుద్ధనౌకలూ బయటికి రాలేక లోపల, లోపలికి రాలేక బయట చిక్కుపడతాయి.

ఇది ఊహ కాదు, మా ఊరి చరిత్ర. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక ఈ రేవు బయటే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అప్పటి మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది, విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయరు డెప్త్ చార్జీలు అనే నీటి బాంబులు వేసి ముంచిందని మనం అంటాం, తను పరిచిన మైనే తనను మింగిందని పాకిస్తాన్ అంటుంది. అందులో ఉన్న తొంభై మందికి పైగా నావికులు తిరిగి పోలేదు, ఎవరి బిడ్డలో పాపం. ఏ కథ నిజమైనా, ఘాజీ మా గుమ్మంలో మైన్లు పరచడానికి కూడా వచ్చిందన్న మాటను ఎవరూ కాదనరు. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర ఫొటోలు దిగే పిల్లలకు గెలిచిన కథ చెబుతున్నాం. శత్రువు ఏ పని మీద వచ్చాడో అది మాత్రం మనమే మరిచిపోయాం.

అదే యుద్ధం అయ్యాక బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ రేవు మైన్లతో, మునిగిన ఓడలతో మూతపడి ఉంటే, దాన్ని శుభ్రం చేయడానికి సోవియట్ నౌకాదళం 1972లో వచ్చి రెండేళ్లకు పైగా పనిచేసింది. కొత్తగా పుట్టిన దేశానికి బియ్యం దించుకునే రేవే సరిగ్గా లేకుండా పోయింది. అంతకుముందు 1950లో కొరియాలోని వోన్సాన్ దగ్గర అమెరికా దండు దాదాపు వారం రోజులు ఒడ్డుకు దిగలేక సముద్రంలోనే అటూ ఇటూ తిరిగింది. చిన్న చిన్న పడవల మీద తెచ్చి పరిచిన సుమారు 3,000 మైన్లు వాళ్ల 250 ఓడలను నిలబెట్టేశాయి. 1988లో పర్షియన్ గల్ఫ్‌లో శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే అమెరికా ఫ్రిగేటుకు తగిలిన మైను ధర 1,500 డాలర్లని చెబుతారు, నమూనా 1908 నాటిది. ఓడ బాగుచేతకు దాదాపు 9 కోట్ల డాలర్లయింది. ఇప్పుడు డ్రోన్ల గురించి అందరూ మాట్లాడుతున్నారు, చవక ఆయుధం ఖరీదైన ఆయుధాన్ని కూలుస్తోందని ఆశ్చర్యపోతున్నారు. సముద్రంలో ఈ సంగతి వందేళ్ల నుంచీ ఉంది.

మా పక్కింటి సరంగు మరబోటు మీద వేటకు పోతాడు. ఒక తెల్లవారుజామున రేవుకు ఎంతో దూరం లేని చోట వాళ్ల వల దేనికో తగులుకుంది. ఇంజను జోరు పెంచినా రాలేదు. విడిచి, చుట్టూ తిరిగి, రెండో పక్క నుంచి లాగారు. చివరికి కొంచెం పైకొచ్చింది. నల్లగా, గుండ్రంగా, నాచు పట్టిన ఇనుప వస్తువు నీటి కింద ఒక్క క్షణం కనపడిందట. కళాసీ కుర్రాడు కత్తి తీసి పై తాడు కోసేశాడు. సగం వల గంగలో కలిసిపోయింది. "పాత బోయా అయ్యుంటాది మేస్త్రీ" అన్నాడు నాతో. "కాకపోతే ఏటి? మాకెవుడు సెబుతాడు?" కోసిన తాడు కొస ఇంకా వాళ్ల పెరట్లో దండానికి వేలాడుతోంది. మైను పడితే ముందు దాని మీదికి పోయేది ఇలాంటి పడవలే. 26/11న ముంబై మీదికి వచ్చినవాళ్లు ఎక్కింది చేపల పడవే అని తేలాక, తీరం పొడవునా మత్స్యకారులకు గుర్తింపు కార్డులిచ్చారు, కాపలాలో కళ్లూ చెవులూ మీరే అన్నారు. ఆ కళ్లు చూసింది ఏమిటో తేల్చడానికి మనకు ఓడ లేదు.

లేకపోవడానికి కారణం డబ్బు కాదు, నిర్ణయం. గోవా షిప్‌యార్డులో దక్షిణ కొరియా కంపెనీ సాయంతో పన్నెండు ఓడలు కట్టాలన్న దాదాపు 32 వేల కోట్ల ప్రతిపాదన ఏళ్ల తరబడి నానుతూ 2018లో రద్దయింది. 2025 జులైలో మీ అధ్యక్షతన ఉన్న రక్షణ కొనుగోళ్ల మండలి మళ్లీ ఆమోదం తెలిపింది. సంతోషించాను. ఈసారి పన్నెండు ఓడలకు సుమారు 44 వేల కోట్లని పత్రికల్లో వచ్చింది. రూపాయి విలువ తగ్గింది, పరికరాలు మారాయి, అంతా ఒప్పుకుంటాను. అయినా తేడా 12 వేల కోట్లు. మా విశాఖ ఉక్కుకు మీ ప్రభుత్వం 2025 జనవరిలో ఇచ్చిన ప్యాకేజీ 11,440 కోట్లు. దానికోసం కార్మికులు ఎన్నేళ్లు ఎండలో కూర్చున్నారో ఈ ఊరికి తెలుసు. ఆ ప్యాకేజీని మించిన సొమ్ము ఒక్క ఆలస్యానికి పోయింది. మంచాలు అడిగిన మా కోడలికి ఈ లెక్క చెబితే ఏమీ అనలేదు, లోపలికి వెళ్లిపోయింది.

పైగా ఆమోదం అంటే అవసరం ఉందని ఒప్పుకోవడమే. ఇంకా టెండర్లు, బేరాలు, క్యాబినెట్ కమిటీ, ఒప్పందం, ఆ తర్వాత కట్టడం. ఇంతలో 2025 ఏప్రిల్‌లో 26 నౌకా రఫేల్ విమానాలకు ఆయుధాలు, శిక్షణ, విడిభాగాలతో కలిపి సుమారు 63 వేల కోట్లకు సంతకాలయ్యాయి. కొత్త విక్రాంత్ కట్టడానికి అయింది దాదాపు 20 వేల కోట్లు. అంటే ఓడకు మూడింతలు దాని మీద వాలే విమానాలకు. విమానాలు లేని వాహకనౌక ఖాళీ మైదానమే గనక వాటిని కొనడం తప్పని అనను. ఆ విమానాలను మోసే ఓడ గుమ్మం దాటాలిగా మరి.

నా పనిలో నేను చూసింది ఒకటి చెప్పాలి. ఒకసారి ఒక చిన్న ఓడ మా దగ్గరికి వచ్చింది. వించి హైడ్రాలిక్ లైనులో ఓ-రింగు పాడైంది. అరచేతిలో పట్టే రబ్బరు వలయం. స్టోర్సులో లేదు. తయారుచేసిన దేశం నుంచి రావాలి. కాగితాలు తిరిగాయి. ఆ ఓడ పదకొండు వారాలు జెట్టీకి కట్టేసి ఉంది. రోజూ పొద్దున నేను దాని ముందు నుంచే నడిచి వెళ్లేవాణ్ణి. దాని మీది కుర్రాళ్లు డెక్కు కడుగుతూ కనిపించేవాళ్లు. కడిగిన డెక్కునే మళ్లీ కడిగేవాళ్లు. ఓడ కొన్న ధర అందరికీ తెలుస్తుంది. దాన్ని సముద్రంలో ఉంచే ధర ఎవరికీ తెలియదు. అందుకే మైన్‌స్వీపర్లూ విడిభాగాలూ ఎప్పుడూ వరసలో వెనక నిలబడతాయి. వాటి ముందు నిలబడి ఫొటోలు దిగడానికి ఎవరూ రారు.

ఒక సంగతి మాత్రం నాకు ధైర్యమిస్తోంది. 1969 నుంచి ఈ ఊళ్లో ఉన్న నౌకాదళ పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ వాళ్లే మన నౌకాదళానికి సముద్రం అడుగున పడుకునే కొత్త మైను తయారుచేశారు, 2025 మేలో దాన్ని పరీక్షించారు. మైన్లను వెతకడానికి మనుషులు మోసుకెళ్లగలిగే చిన్న మానవరహిత జలవాహనాలను కూడా అదే ఏడాది చూపించారు. పెట్టే విద్యా తీసే విద్యా రెండూ మా ఊళ్లోనే ఉన్నాయి. కొత్త ఓడలు వచ్చేదాకా ఆగకుండా, ఆ వాహనాలను ఉన్న ఓడల మీద ఎక్కించి ముందు పెద్ద రేవుల ముఖద్వారాలకు పంపండి. ఆ పన్నెండు ఓడలు విశాఖలోనే కట్టాలని నేను అడగను. ఇక్కడి హిందుస్తాన్ షిప్‌యార్డు డైవర్లకు తోడుండే నౌక నిస్తార్‌ను కట్టి ఇచ్చింది, దాని చేతినిండా పనుంది. గోవాలో కట్టినా, కోల్‌కతాలో కట్టినా మాకు సంతోషమే. తొందరగా కట్టండి.

రెండు తేదీలు అడుగుతున్నాను. ఒప్పందం మీద సంతకం ఎప్పుడు, మొదటి ఓడ నీళ్లలో ఎప్పుడు. పార్లమెంటులో చెప్పండి. ఇందులో శత్రువుకు తెలియని రహస్యమేమీ లేదు, మన దగ్గర అలాంటి ఓడ లేదని వాళ్లకు 2019 నుంచే తెలుసు. అలాగే ఏటా బడ్జెట్టుతో పాటు, కొత్తవి కొనడానికి ఎంత, ఉన్నవాటిని నడపడానికి, బాగుచేయడానికి ఎంత అని మా బోటి వాళ్లకు అర్థమయ్యేలా ఒక్క పేజీ విడిగా ఇప్పించండి. మా కోడలు అడిగినప్పుడు ఆ పేజీ చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిట్టరు,
మల్కాపురం, విశాఖపట్నం.