‘చీకట్లో అక్కడేం పని?’

సంపాదకులకు నమస్కారం.

మా చిన్నవాడికి 23 ఏళ్లు. వాడు గే. కిందటి వేసవిలో స్నేహితులతో కలిసి ఒక బీచ్ ఊరికి వెళ్లాడు. అక్కడ డేటింగ్ యాప్‌లో ఒకబ్బాయి పరిచయమయ్యాడు. నాలుగు రోజులు తెల్లవార్లూ కబుర్లే. ఇంట్లో సంగతులు, ఉద్యోగం టెన్షన్, అన్నీ చెప్పుకున్నారట. ఐదోరోజు సాయంత్రం కలుద్దామనుకున్నారు. మావాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరి కంటా పడకూడదని వీధిదీపాలు దాటి, పడవలు లాగిపెట్టిన చోట ఎదురుచూశాడు.

వచ్చింది ముగ్గురు. ఫోన్ లాక్కున్నారు, వీడియో తీశారు, ‘మీ నాన్నకు పంపమంటావా?’ అన్నారు. ఖాతాలో ఉన్నదంతా తమకు వేయించుకున్నారు.

ఇంటికొచ్చాక రెండు వారాలు ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేవాడు. ఒకరోజు ఊడుస్తుంటే మంచం కింద ఆ చొక్కా దొరికింది, జేబు నిండా ఇసుక. అడిగితే అప్పుడు చెప్పాడు.

కేసు పెడదామంటే ‘నన్నే లోపలేస్తారమ్మా’ అన్నాడు. చదువుకున్న పిల్లాడికే ఇంత భయం! ఇద్దరూ మగవాళ్లే అయినా, వయసొచ్చినవాళ్లు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టం, భారతీయ న్యాయ సంహితలో, అలా ఉండటాన్ని నేరమన్న పాత 377 సెక్షనే లేదు. బెదిరించి డబ్బు గుంజడం మాత్రం 308 సెక్షన్ కింద నేరం. నా పోరు పడలేక స్టేషన్‌కు వచ్చాడు. అక్కడ మొదటి ప్రశ్న, ‘చీకట్లో అక్కడేం పని?’ వాడు తల దించుకున్నాడు. ప్రేమించే మనిషి దొరుకుతాడేమోనని వెళ్లాడని నేనే చెప్పాను.

ఆ ఒక్క ప్రశ్నే ఈ ముఠాలకు అండ. పిల్లలు నోరు విప్పరని వాళ్లకు బాగా తెలుసు. బీచ్‌లలో లోతుకు వెళ్లొద్దని బోర్డులు పెడతారు కదా, వాటి పక్కనే ఇంకొకటి పెట్టించమని అధికారులను కోరుతున్నాను: ఎవరైనా బెదిరిస్తే ఫిర్యాదు చేయండి, ఎవరి కోసం వచ్చారని అడగం, ఇంటికి చెప్పం అని. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని కూడా రాయించండి. మాకు ఆ నంబరు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఈ వేసవికీ వెళ్తానంటున్నాడు. నేను వద్దనలేదు. దీపాలున్న చోటే కూర్చోమన్నాను.

— ఒక తల్లి
(పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి)